ఐదు శాఖలు, ఐదు బల్లలు: సుస్థిరతపై ఆసక్తి ఉన్న విద్యార్థులకు పరిచయపు ఆటలు

సైన్సు, ఇంజనీరింగు చదువుతూ సుస్థిరత పట్ల ఆసక్తి ఉన్న 25 మంది విద్యార్థులు శాఖకు ఐదుగురు చొప్పున ఐదు శాఖల నుంచి ఒకచోట చేరుతున్నారనీ, రెండు గంటల సమావేశంలో మొదటి గంటను పరిచయాలకు కేటాయించారనీ, కిందటిసారి ఒక్కొక్కరినీ లేచి పేరు, శాఖ చెప్పమంటే ఆ తంతు పూర్తి కాగానే ఎవరి శాఖ వారు గిరి గీసుకుని కూర్చున్నారనీ మీరు రాశారు. ఏ ఆటలు పెట్టాలి, శాఖల మధ్య గిరులు ఎలా చెరపాలి, గెలిచినవారికి బహుమతులు ఇవ్వాలా అని మూడు ప్రశ్నలు అడిగారు. ఇలాంటి విద్యార్థి సమావేశాలను చాలాకాలంగా నిర్వహిస్తున్న అనుభవంతో ఈ మూడింటికీ జవాబు చెబుతాను.

ముందుగా ఆటను తూచడానికి ఒక కొలమానం పెట్టుకోవాలి. ఆట ముగిశాక ఏ ఇద్దరికైనా మళ్ళీ కలుసుకోవడానికి ఒక కారణం మిగిలిందా అన్నదే నేను చూసే కొలమానం. గదిలో నవ్వులు వినిపించాయా లేదా అన్నది దాని తరువాతి మాట. తమ గురించి మూడు సంగతులు చెప్పి అందులో అబద్ధాన్ని కనిపెట్టమనే ఆట, గడుల కాగితం పట్టుకుని ఫలానా లక్షణం ఉన్నవారిని వెతికి సంతకాలు పెట్టించుకునే ఆట సరదాగానే సాగుతాయి. అయితే ఒకరికి ఈత వచ్చనీ, ఇంకొకరు రెండు పిల్లులను పెంచుతున్నారనీ తెలిసినంత మాత్రాన మర్నాడు వారికి మాట్లాడుకునే పని ఏమీ ఉండదు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన వ్యాసం ఇక్కడ గుర్తుంచుకోదగినది. దగ్గరి స్నేహితులకు తెలిసినది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది కాబట్టి, ఉద్యోగం గురించి గాని అవకాశం గురించి గాని కొత్త కబురు తరచుగా ముఖపరిచయస్థుల నుంచే అందుతుందని ఆయన చూపించారు. అందువల్ల ఒక గంటలో గాఢ స్నేహాలు కుదర్చాలన్న బరువు మీరు పెట్టుకోనక్కరలేదు. తన శాఖలో లేని పరిజ్ఞానం ఎవరి దగ్గర ఉందో ప్రతి విద్యార్థికీ తెలిస్తే చాలు.

ఇక మీ రెండో ప్రశ్నను ముందుకు తీసుకుంటాను, ఎందుకంటే ఆటల ఎంపిక కన్నా కూర్చోబెట్టే పద్ధతి ఎక్కువ పని చేస్తుంది. అందరూ కలిసిపోండి అని మైకులో ఎన్నిసార్లు చెప్పినా, తెలిసిన ముఖం పక్కన కుర్చీ ఖాళీగా కనిపిస్తే కాళ్ళు అటే పోతాయి. దీనికి మందు గణితంలో ఉంది. ఐదు బల్లలు వేసి వాటికి 0 నుంచి 4 వరకు సంఖ్యలు ఇవ్వండి. ప్రతి విద్యార్థికీ రెండంకెల చీటీ ఒకటి ఇవ్వండి. మొదటి అంకె శాఖను, రెండో అంకె ఆ శాఖలో వారి వరుసను సూచిస్తుంది. రెండూ 0 నుంచి 4 లోపలే కాబట్టి 00 మొదలు 44 వరకు సరిగ్గా 25 చీటీలు వస్తాయి. మొదటి విడతలో చీటీలోని రెండో అంకె ఏదైతే అదే వారి బల్ల. రెండో విడతలో రెండంకెలనూ కూడి, ఆ మొత్తాన్ని 5తో భాగించగా మిగిలిన శేషమే బల్ల సంఖ్య. మూడో విడతలో మొదటి అంకెను రెట్టింపు చేసి దానికి రెండో అంకె కలపాలి, నాలుగో విడతలో మూడు రెట్లు చేసి కలపాలి, ఐదో విడతలో నాలుగు రెట్లు చేసి కలపాలి. ప్రతిసారీ 5తో భాగించి శేషం చూసుకోవడమే.

ఉదాహరణకు 23 చీటీ ఉన్న విద్యార్థి వరుసగా 3, 0, 2, 4, 1 బల్లలకు వెళతారు. 41 చీటీ ఉన్నవారు 1, 0, 4, 3, 2 బల్లలకు వెళతారు. వీరిద్దరూ రెండో విడతలో 0 బల్ల దగ్గర ఒక్కసారి కలుస్తారు, మళ్ళీ ఎక్కడా ఎదురుపడరు. వేరు వేరు శాఖలకు చెందిన ఏ ఇద్దరిని తీసుకున్నా ఇంతే. ఒకే శాఖ వారు మాత్రం ఏ విడతలోనూ ఒకే బల్ల దగ్గరకు రారు. 25 మందిలో మొత్తం 300 జంటలు ఉంటాయి, వాటిలో ఒకే శాఖకు చెందినవి 50. మిగిలిన 250 జంటలూ ఐదు విడతల్లో తలా ఒక్కసారి కలిసి తీరతాయి. 5 ప్రధాన సంఖ్య కావడం వల్లనే లెక్క ఇంత సులువుగా కుదిరింది. 16 మందిని నలుగురు చొప్పున తిప్పాలంటే ఈ శేషాల పద్ధతి పారదు, దానికి వేరే పట్టిక వేసుకోవాలి. (ఇలాంటి అమరికల చరిత్ర చాలా పాతది. 15 మంది బాలికలు రోజూ ముగ్గురేసి వరుసల్లో నడుస్తూ, 7 రోజుల్లో ఏ ఇద్దరూ రెండుసార్లు ఒకే వరుసలో పడకుండా ఎలా నడవగలరని థామస్ కిర్క్‌మన్ 1850లో అడిగిన ప్రశ్న గణితంలో ప్రసిద్ధం. పరిచయాల సందడిలో మౌనంగా ఉండే గణితప్రియులు ఈ చీటీల గుట్టు విప్పమని మీ చుట్టూ చేరడం ఖాయం.) ఎవరైనా రాకపోతే వారి కుర్చీ ఖాళీగా ఉంటుంది తప్ప అమరిక చెడదు. ఒకరిద్దరు ఎక్కువ వస్తే ఒకే శాఖలో ఒకరినొకరు ఎరుగని ఇద్దరికి ఒకే చీటీ ఇచ్చి జంటగా తిప్పండి.

ఐదుగురు కూర్చునే బల్లలో ఒక చిక్కు ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ తన సహచరులతో కలిసి 1995లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, మనుషులు తమంతట తాము చేరే సంభాషణ బృందం సుమారు నలుగురి దగ్గర ఆగిపోతుంది. అది దాటితే మాట రెండుగా చీలుతుంది, లేదా ఒకరు శ్రోతగా మిగిలిపోతారు. కాబట్టి ప్రతి విడతలో ఒకరికి రాతపని అప్పగించండి. బల్ల మీద జరిగిన చర్చను వారు రెండు మూడు వాక్యాల్లో రాసి, ఎవరు ఏం చెప్పారో చివర్లో చదివి వినిపిస్తారు. ఐదు విడతలు కాబట్టి ఆ పని ప్రతి ఒక్కరికీ ఒక్కసారైనా వచ్చేటట్టు చీటీ వెనుక ముందే గుర్తు పెట్టవచ్చు. సిగ్గరులకు ఈ పాత్ర ఎంతో ఊరట, ఎందుకంటే అడగడానికీ తిరిగి అడగడానికీ వారికి సాకు దొరుకుతుంది.

విడతకొక ఆట ఉండాలి. మొదటి విడతకు ఉజ్జాయింపు లెక్కను మించినది నాకు కనబడలేదు. భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ పేరుతో పిలిచే ఈ తరహా ప్రశ్నలకు పుస్తకంలో జవాబు వెతకరు, తెలిసిన నాలుగు ముక్కలు కలిపి దగ్గరి అంకెకు చేరతారు. నేను తరచుగా ఇచ్చే ప్రశ్న ఇది: ఒక లీటరు నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడి చేయడానికి పట్టే శక్తితో ఒక టన్ను బరువును ఎంత ఎత్తుకు లేపవచ్చు? ముందు ఎవరితోనూ మాట్లాడకుండా ప్రతి ఒక్కరూ తమ అంచనా కాగితం మీద రాయాలి. ఒకటి రెండు మీటర్లు అని రాసేవారు చాలామంది ఉంటారు. తరువాత కలిసి లెక్క కట్టాలి. కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4.2 కిలోజౌళ్ళు, 80 డిగ్రీలకు సుమారు 335 కిలోజౌళ్ళు. టన్ను బరువును ఒక మీటరు లేపడానికి కావలసినది 9.8 కిలోజౌళ్ళు. అంటే 34 మీటర్లు, దాదాపు పదంతస్తుల మేడ ఎత్తు. ఈ జవాబు బయటపడగానే ఆట అయిపోయిందనుకోవద్దు, మాటలు మొదలయ్యేది అప్పుడే. ఉష్ణం మొత్తం పనిగా మారదు కదా అని మెకానికల్ విద్యార్థి అడ్డు తగులుతారు. ఆ కెటిల్‌కు కరెంటు ఇచ్చిన కేంద్రంలో ఇంకెంత ఇంధనం కాలిందో లెక్కలో లేదని ఎలక్ట్రికల్ విద్యార్థి అంటారు. అదే శక్తితో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పది గంటలకు పైగా వెలుగుతుందని మీరు చివర్లో ఒక మాట జోడిస్తే, లైటు ఆపడం గురించి బోధించేవారు వేడినీళ్ళ గురించి ఎందుకు మాట్లాడరన్న చర్చ దానంతట అదే లేస్తుంది. దీనికి పది నిమిషాలు చాలు.

రెండో విడతకు పదిహేను నిమిషాలు ఇవ్వండి, ఎందుకంటే ఉమ్మడి చెరువు ఆట తొందరపడితే పండదు. బల్ల మధ్య 50 గుండీలు పోయండి, అవి చెరువులో చేపలు. ప్రతి ఏడాది ప్రతి ఆటగాడూ 0 నుంచి 10 లోపు ఎన్ని పట్టదలచుకున్నారో రహస్యంగా రాసి ఒకేసారి చూపిస్తారు. మిగిలిన చేపలు రెట్టింపు అవుతాయి గాని చెరువు 50 కన్నా ఎక్కువ పట్టదు. అడిగినన్ని లేకపోతే ఉన్నవాటిని పంచుకుంటారు, చెరువు ఖాళీ అవుతుంది. మొదటి ఆటలో మాట్లాడుకోకూడదు. తలా 5 పడితే 25 మిగిలి మళ్ళీ 50 అవుతాయి, అలా ఎన్నేళ్ళయినా సాగుతుంది. తలా ఒక్కటి ఎక్కువ, అంటే 6 పట్టారనుకోండి. మొదటి ఏడాది 20 మిగిలి 40 అవుతాయి, రెండో ఏడాది 10 మిగిలి 20 అవుతాయి, మూడో ఏడాది అడిగే 30కి చెరువులో ఉన్నవి 20 చేపలే. ఆ ఒక్క చేప తేడాకే మూడేళ్ళలో చెరువు ఎండిందని కళ్ళారా చూసినప్పుడు కలిగే నిశ్శబ్దం కాసేపే ఉంటుంది, వెంటనే ఎవరు ఎన్ని పట్టారన్న నిలదీత మొదలవుతుంది. అప్పుడు రెండో ఆటను మాట్లాడుకుని ఆడమనండి. ఉమ్మడి వనరు నాశనమయ్యే తీరును జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో వర్ణించారు. మనుషులు తమలో తాము కట్టుబాట్లు పెట్టుకుని అలాంటి వనరులను కాపాడుకున్న సందర్భాలను లోతుగా పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రెండు పేర్లూ ఆట అయ్యాక ఒక్క నిమిషంలో చెప్పండి, ముందే చెబితే అందరూ బుద్ధిమంతులై తలా 5 పట్టి కూర్చుంటారు. పరిచయాల లెక్కలో ఈ ఆట విలువ వేరే చోట ఉంది. నియమం ప్రతిపాదించేవారెవరు, లెక్క చూసేవారెవరు, తగ్గడానికి ముందుకొచ్చేవారెవరు అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ప్రాజెక్టు బృందాన్ని కూర్చుకునేటప్పుడు మార్కుల జాబితా ఈ సంగతులు చెప్పదు.

మూడో విడతలో ప్రతి బల్ల మీద ఒక వస్తువు పెట్టండి. అల్యూమినియం డబ్బా, పాత ఫోను ఛార్జరు, నూలు చొక్కా, చెడిపోయిన బల్బు, సిరామిక్ కప్పు వంటివి ఏవైనా సరే. ఆ వస్తువు పుట్టుక నుంచి పారవేత వరకు ఒక్కొక్కరు ఒక్కొక్క మజిలీ చెప్పుకుంటూ పోవాలి, అదీ తమ చదువు వైపు నుంచి. ఛార్జరు తీసుకుంటే, అంచులు అంటించేసి మరలు లేకుండా చేసిన పెట్టె వల్ల విప్పడం ఎంత కష్టమో ఒకరు, ప్లాస్టిక్‌కు నిప్పంటకుండా కలిపే రసాయనాల సంగతి ఒకరు, ఫోను తగిలించకపోయినా అది లాగే కొద్దిపాటి కరెంటు గురించి ఒకరు, లోపలి రాగి చివరికి ఎక్కడ తేలుతుందో ఇంకొకరు చెబుతారు. అల్యూమినియం డబ్బా బల్ల దగ్గర, పాత లోహాన్ని కరిగించి వాడితే ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతమే సరిపోతుందన్న విషయం ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. ఒకరు ఆగిన చోట ఇంకొకరు అందుకోవలసి రావడమే ఇందులోని కిటుకు.

నాలుగో విడత అభిప్రాయ రేఖకు. కాగితం మీద 0 నుంచి 10 వరకు గీత గీసి, ఒక వాక్యం చదివి, తాము ఎక్కడ నిలుస్తారో ప్రతి ఒక్కరినీ ఒక గుండీతో గుర్తించమనండి. ఎక్కువ దూరంలో ఉన్న ఇద్దరు ముందు మాట్లాడతారు, అయితే ఎదుటివారి వాదనను వారు ఔననేలా తిరిగి చెప్పాకే తమ వాదన ఎత్తుకోవాలి. వాక్యాన్ని ఎంచుకోవడంలో జాగ్రత్త పడాలి. పార్టీల పేర్లు తలకెత్తుకునే వాక్యాల కన్నా, సాంకేతికంగా రెండు వైపులా బలమున్నవి మేలు. సిమెంటు తయారీని మార్చడం కన్నా కాంక్రీటు వాడకం తగ్గించడమే తేలిక అన్న వాక్యం నాకు బాగా కలిసివచ్చింది. సిమెంటు పరిశ్రమ ఉద్గారాల్లో సగానికి పైగా సున్నపురాయి విడిపోయే రసాయన చర్య నుంచే వస్తాయి కాబట్టి బట్టీలో ఇంధనం మార్చినంత మాత్రాన ఆ భాగం పోదని కెమిస్ట్రీ విద్యార్థి చెప్పేసరికి, సివిల్ విద్యార్థి స్లాబు మందం గురించి లేచి చెప్పడం మొదలుపెడతారు.

చివరి విడత మీ సమావేశానికి ఆయువుపట్టు. ప్రతి ఒక్కరూ ఒక అట్టముక్కకు ఒక వైపు “ఇవ్వగలను” అనీ రెండో వైపు “కావాలి” అనీ రాసి, కింద ఒక్కొక్క వాక్యం పూరించాలి. పర్యావరణ ప్రాజెక్టుల్లో ఆసక్తి ఉంది వంటి వాక్యాలను ఒప్పుకోకండి, అలాంటి అట్టను చదివినవారికి చేయడానికేమీ ఉండదు. సెన్సర్ల నుంచి వచ్చే అంకెలను శుభ్రం చేసి గ్రాఫు గీయడం నేర్పగలను, నీటి నమూనాల్లో నైట్రేట్ కొలిచే విధానం చూపించేవారు కావాలి అన్నంత నిర్దిష్టంగా ఉండాలి. బల్ల దగ్గర ఐదుగురూ ముందు తమ అట్టలు చదివి, ఒకరి వాక్యాన్ని ఇంకొకరు పదును పెట్టాలి. నైట్రేట్ దేనికి, ఎన్ని నమూనాలు, ఎప్పటిలోగా అని అడగడమే పదును పెట్టడం. ఆ తరువాత అట్టలన్నీ గోడకు తగిలిస్తే, మిగిలిన బల్లలవారు వచ్చి తాము తీర్చగల అవసరం కింద పేరు రాస్తారు. ఎదుటివారు చెప్పినదాన్ని పట్టుకుని తిరిగి ప్రశ్న అడిగేవారు ఎక్కువ ఇష్టులవుతారని కేరెన్ హువాంగ్, ఆమె సహచరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. మాట కలిపిన తరువాత మనం ఎదుటివారికి నచ్చిన దానికన్నా తక్కువే నచ్చామని అనుకుంటామని ఎరికా బూత్‌బీ బృందం 2018లో చూపించింది. ఈ రెండో సంగతిని సమావేశం మొదట్లోనే అందరికీ చెప్పండి, బెరుకుగా వచ్చినవారికి కొంత ధైర్యం వస్తుంది.

విశాలమైన ఆరుబయలు, మరో పదిహేను నిమిషాలు దొరికితే త్రిభుజాల ఆట కూడా పెట్టవచ్చు. ప్రతి ఒక్కరూ మనసులో ఇద్దరిని ఎంచుకుని, ఆ ఇద్దరికీ సమాన దూరంలో ఉండేటట్టు నడవాలి, ఎవరిని ఎంచుకున్నారో చెప్పకూడదు. గుంపు కదిలి కదిలి ఒకచోట కుదురుకున్నాక ఒక్కరిని మీరు నాలుగు అడుగులు జరిపితే చాలు, చాలామంది మళ్ళీ కదలవలసి వస్తుంది. కొన్నిసార్లు ఒకరిని జరిపినా ఏమీ కాదు, ఎందుకంటే ఆ వ్యక్తిని ఎవరూ ఎంచుకోలేదు. వ్యవస్థల గురించి గంట చెప్పే పాఠం ఇందులో ఉంది. చక్రాల కుర్చీ వాడేవారు గాని నడవడం కష్టమైనవారు గాని ఉంటే దీన్ని వదిలేయండి.

వద్దనదగినవి కొన్ని ఉన్నాయి. అన్నిటిలోకీ చెడ్డది, ఎవరి కార్బన్ పాదముద్ర ఎంతో చెప్పించి వరుసలో నిలబెట్టే ఆట. ఎన్నిసార్లు విమానం ఎక్కారు, ఇంట్లో ఏసీ ఉందా, మాంసం తింటారా అని అడిగితే బయటపడేది చాలావరకు కుటుంబాల ఆదాయమూ అలవాట్లూ. ఒకరు సంజాయిషీ చెప్పుకుంటారు, ఇంకొకరు తమకు తెలియకుండానే గొప్పలు చెప్పుకుంటారు, ఆ తరువాత ఆ ఇద్దరి మధ్య సహజమైన మాట నడవదు. సుస్థిరత పేరుతో జరిగే సమావేశాల్లో ఈ పొరపాటు మరీ తరచుగా కనిపిస్తుంది, ఎందుకంటే విషయానికి తగినదిగా పైకి అనిపిస్తుంది. చేతులు పట్టుకుని మెలికలు పడి విడిపోయే ఆటలో కొత్తవారిని తాకడం చాలామందికి ఇబ్బంది. ఇంజనీరింగు విద్యార్థులకు ఎప్పుడూ పెట్టే స్పగెట్టి గోపురం పోటీలో 20 స్పగెట్టి పుల్లలు, ఒక గజం టేపు, ఒక గజం దారం, పైన ఒక మార్ష్‌మాలో ఇచ్చి 18 నిమిషాల గడువు పెడతారు. ఆట మంచిదే గాని తిండి చెత్తబుట్ట పాలవుతుంది కాబట్టి వాడేసిన అట్టలతో ఆడించుకోండి. 42 కార్డులతో వాతావరణ మార్పు కారణాలనూ ఫలితాలనూ పేర్చించే క్లైమేట్ ఫ్రెస్క్ గురించి కూడా మీరు వినే ఉంటారు. అది దాదాపు మూడు గంటలు పట్టే చక్కని కార్యశాల, మరో రోజు పెట్టుకోదగినది. దాన్ని కుదించి గంటలో ఇమడ్చబోతే రెండు పనులూ చెడతాయి.

సామగ్రి విషయంలో చెప్పేది తక్కువే. చీటీలకూ అట్టలకూ ఒక వైపు రాసిన పాత కాగితాలు, డబ్బాల అట్టలు సరిపోతాయి. బెలూన్లు, ప్లాస్టిక్ పేరు బిళ్ళలు పెడితే మొదటి హాస్యం మీ మీదే పేలుతుంది.

సమావేశం ముగిసేలోపు గోడ మీది అట్టలను ఫోటో తీసి, ఎవరి అవసరం కింద ఎవరి పేరు పడిందో ఒక జాబితా తయారు చేయండి. ఫోను నంబరో ఈమెయిలో ఇతరులకు ఇవ్వడానికి ఇష్టపడుతున్నారా అని ప్రతి ఒక్కరినీ అడిగాకే పంచండి, ఇష్టపడనివారికి మీరే మధ్యవర్తిగా ఉండండి. జాబితాను మర్నాడే పంపడం మంచిది, వారం దాటితే అట్ట మీద పేరు రాసిన సంగతి కూడా మరుగున పడుతుంది. పేరు ఒక్కటీ పడని అట్టలు కొన్ని మిగులుతాయి. వాటిని మీరు విడిగా చదివి, శాఖల అధ్యాపకులనో పై తరగతుల వారినో అడిగి ఒక దారి చూపండి. పేరు పడని విద్యార్థి రెండో సమావేశానికి వస్తారా రారా అన్నది ఎక్కువగా దీని మీదే ఆధారపడుతుంది.

బహుమతుల సంగతికి వస్తే, ఇవ్వకండి. ఉజ్జాయింపు లెక్కలో దగ్గరగా వచ్చినవారికి బహుమతి అనగానే ప్రతి బల్లా తమ లెక్కను చేత్తో మూసుకుంటుంది, చెరువు ఆటలో ఎక్కువ చేపలు పట్టినవారే గెలిచినట్టవుతుంది, అట్టల మీద నిజమైన అవసరానికి బదులు మెప్పు పొందే వాక్యాలు కనిపిస్తాయి. నిధుల్లో ఆ పద్దు ఇప్పటికే ఉంటే, దాన్ని అట్టల మీద కుదిరిన జంటల్లో ఎవరైనా నెల లోపల చిన్న పని మొదలుపెడితే వారికి కావలసిన పరీక్షా సామగ్రికో సెన్సర్లకో వాడండి.